గోదాము ఇనుము గ్యారేజీకి చేరితే



అమెరికాలో పెద్ద దుకాణమేదైనా మూతపడుతుంటే అక్కడి చివరి అమ్మకానికి రెండు రకాల జనం వస్తారు. కొందరు సరుకు కోసం వస్తారు. మరికొందరు సరుకు అయిపోయేదాకా ఓపిక పట్టి, ఆ సరుకును మోసిన అరల కోసం వస్తారు. 2009లో ఎలక్ట్రానిక్ వస్తువులమ్మే సర్క్యూట్ సిటీ దుకాణాలు మూతపడ్డాయి. 2018లో టాయ్స్ ఆర్ అస్ బొమ్మల దుకాణాలు ఆ దేశమంతటా మూతపడ్డాయి. ఇలా జరిగిన ప్రతిసారీ ఖాళీ గోడల మధ్య మిగిలేది ఇనుము. పాత సామాను వ్యాపారులు దాన్ని విప్పించి, కట్టలు కట్టించి కొనుక్కుపోతారు. అందులో చాలాభాగం మరో గోదాముకు వెళ్తుంది. కొంత మాత్రం పికప్ ట్రక్కుల వెనకెక్కి ఇళ్ళ గ్యారేజీలకు చేరుతుంది. అక్కడ అది పనిబల్ల అవుతుంది, టైర్ల అటక అవుతుంది, తెలుగువాళ్ళ ఇంట్లో అయితే సోనా మసూరి బియ్యం బస్తాల అర కూడా అవుతుంది.

ఆ ఇనుము పేరు ప్యాలెట్ ర్యాకు. సరుకు పేర్చే చెక్క పీటను ప్యాలెట్ అంటారు. ఫోర్క్‌లిఫ్ట్ బండి తన రెండు ఇనుప చేతుల్ని దాని కిందికి దూర్చి, పైనున్న పెట్టెలన్నిటినీ ఒక్కసారే ఎత్తి అరలో కూర్చోబెడుతుంది. అమెరికాలో ఎక్కువగా వాడే ప్యాలెట్ కొలత 40 అంగుళాలకు 48. ర్యాకు కొలతలన్నీ ఆ పీట నుంచి పుట్టినవే. 48 అంగుళాల పొడవును లోపలి వైపు పెట్టినప్పుడు ముందూ వెనకా మూడేసి అంగుళాలు బయటికి ఉండాలి, అందుకని ఫ్రేము లోతు 42 అంగుళాలు. రెండు ప్యాలెట్లు కాస్త సందుతో పక్కపక్కన కూర్చోవాలి, అందుకని బీము పొడవు 96 అంగుళాలు, అంటే 8 అడుగులు.

గ్యారేజీవాళ్ళకు ఇక్కడే కలిసొచ్చింది. ప్లైవుడ్ షీటు కొలత కూడా 4 అడుగులకు 8. షీటును కోయకుండా అలాగే బీముల మీద పరిస్తే పొడవు సరిపోతుంది, ముందూ వెనకా మూడంగుళాల అంచు మిగులుతుంది. చెక్కను బిగించి పట్టుకునే క్లాంపులకు ఆ అంచే కావాలి. యూరప్‌లో ఈ పొంతన లేదు. అక్కడి ప్యాలెట్ 800 మిల్లీమీటర్లకు 1200, మూడు ప్యాలెట్లు పట్టే బీము 2700 మిల్లీమీటర్లు. ప్లైవుడ్ షీటు పొట్టిదైపోతుంది, అతుకు వేయక తప్పదు.

ర్యాకులో భాగాలు మూడే. నిచ్చెనలా కనిపించే నిలువు ఫ్రేములు, వాటిని కలిపే అడ్డ బీములు, బీము ఊడిరాకుండా ఆపే చిన్న పిన్నులు. ఫ్రేము కాలికి రెండేసి అంగుళాల దూరంలో పైనుంచి కిందిదాకా చిల్లులుంటాయి. అమెరికాలో బాగా వాడుకలో ఉన్న తరహాలో ఆ చిల్లు పైన వెడల్పుగా, కింద సన్నగా, తలకిందులైన నీటి బొట్టులా ఉంటుంది. దానికి టియర్‌డ్రాప్ అని పేరు. బీము చివరనున్న రివెట్లు వెడల్పు భాగంలోంచి దూరి సన్నభాగంలోకి దిగుతాయి. పైన బరువు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. బోల్టు అక్కర్లేదు, స్పానరు అక్కర్లేదు. రబ్బరు సుత్తి ఒకటుంటే ఇద్దరు మనుషులు గంటలో ఒక అర నిలబెట్టగలరు, అంతే సేపట్లో విప్పగలరు.

విప్పి మళ్ళీ కట్టుకునే ఇనుము అన్న ఆలోచనకు ఒక మూలపురుషుడున్నాడు. డెమెట్రియస్ కొమినో సిడ్నీలో పుట్టిన గ్రీకు సంతతి ఇంజనీరు. లండన్‌లో ప్రింటింగ్ వ్యాపారం నడిపాడు. అరలు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ పాతవి చెత్తలోకి పోవడం ఆయనకు నచ్చలేదు. వరుసగా చిల్లులు పొడిచిన ఎల్ ఆకారపు ఇనుప పట్టీని తయారుచేసి, 1947లో డెక్సియాన్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. పిల్లల మెకానో ఆటబొమ్మను పెద్దవాళ్ళ పనికి తెచ్చినట్టన్నమాట. మన ఊళ్ళలో కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో, ఆఫీసుల ఫైళ్ళ గదుల్లో కనిపించే స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు ఆ కుదురు నుంచి వచ్చినవే. ప్యాలెట్ ర్యాకు దానికంటే బరువైన పనికి పుట్టింది. గుణం మాత్రం అదే: ఒక చోట పని అయిపోతే మరో చోట మొదలుపెడుతుంది.

పాత ర్యాకు కొనేవాళ్ళు ఇనుము కొంటున్నామనుకుంటారు. వాళ్ళు నిజంగా కొంటున్నది ఒక లెక్క. కంపెనీ ఇంజనీరు ఈ రేకు మందానికి, ఈ పొడవుకు, ఈ ఎత్తులో ఇంత బరువు అని గుణించి పెట్టాడు. ఆ అమరిక ఉన్నంతవరకే ఆ అంకె ఉంటుంది. అమరిక మారితే ఇనుము అదే ఇనుము, అంకె మాత్రం వేరు.

ఒక జత బీములు 2000 కిలోలు మోస్తాయని ర్యాకుకు తగిలించిన పట్టీ మీద రాసి ఉందనుకుందాం. అది బరువు రెండు బీముల మీదా ఆ చివర నుంచి ఈ చివరిదాకా సమంగా పరుచుకున్నప్పటి మాట. పనిబల్ల మీద బరువు అలా పరుచుకోదు. ముందు అంచున ఇనుప వైసు బిగిస్తారు, దాని పక్కన విప్పిన ఇంజను పెడతారు. అప్పుడు భారమంతా ముందు బీము ఒక్కదాని మీదే పడుతుంది. అంటే 2000 కాస్తా 1000 అయింది. ఆ భారం బీముకు సరిగ్గా నడిమధ్యన ఒకేచోట పడితే, సమంగా పరిచినప్పటికంటే రెట్టింపు వంపు పెడుతుంది. 1000 కాస్తా 500కు దిగింది. అయినా కంగారు అక్కర్లేదు. మామూలు కారు ఇంజను 200 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క తెలిసినవాళ్ళు మాత్రం వైసును బల్ల మధ్యన కాక కాలికి దగ్గరగా బిగిస్తారు. అక్కడ బీము వంగదు, సుత్తి దెబ్బ నేరుగా నేలలోకి పోతుంది.

కాళ్ళ లెక్క ఇంకో రకం. సన్నటి నిలువు స్తంభం పొడవు రెట్టింపైతే అది వంగకుండా మోయగలిగే బరువు నాలుగో వంతుకు పడిపోతుందని 18వ శతాబ్దంలోనే లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు. ర్యాకు కాలికి పొడవంటే మొత్తం ఎత్తు కాదు, ఒక బీముకూ మరో బీముకూ మధ్య ఉన్న దూరం. గడ్డి కోసే యంత్రం కింద పట్టడం లేదని గ్యారేజీల్లో చాలామంది అడుగు బీమును తీసేసి, పై అరల్ని అలాగే ఉంచేస్తారు. ఆ ఒక్క పనితో నేల నుంచి మొదటి బీముదాకా కాలికి ఆసరా లేకుండా పోతుంది. పట్టీ మీదున్న అంకె అప్పటి నుంచి ఆ ర్యాకుది కాదు. పెద్ద బరువులు పెట్టదలచుకుంటే అడుగు బీము కింద వరుసలో ఉండాల్సిందే.

ఇక కొనే చోటికి వద్దాం. పాత ర్యాకు మీద గీతలు, రంగు రాలడం, పైపై తుప్పు సహజం. వెతకాల్సింది సొట్టలు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు తిప్పుడులో కొట్టే దెబ్బ ఎక్కువగా ముందు కాలికి, నేల నుంచి మొదటి రెండు మూడు అడుగుల్లో తగులుతుంది. యూరప్ ప్రమాణం ఈ పరీక్షకు తేలికైన కొలత ఇచ్చింది. మీటరు పొడవున్న తిన్నటి బద్దను కాలికి ఆనించి చూడాలి. బీము సాగే దిశలో వంపు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. లోతు దిశలో, అంటే ఫ్రేము అడ్డకమ్మీల వైపు, 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అడ్డకమ్మీలకైతే 10 దాకా సరే. బద్ద దొరక్కపోతే నూలు దారం లాగి పట్టినా వంపు తెలిసిపోతుంది.

వంగినదాన్ని సుత్తితో కొట్టి తిన్నగా చేసి, పైన కొత్త రంగు పూసి అమ్మేవాళ్ళూ ఉంటారు. రేకును చల్లగానే మడిచి చేసిన ఈ ఇనుము వంగి మళ్ళీ తిన్నబడితే మొదటి బలం తిరిగి రాదు. కాబట్టి మిగతావన్నీ పాతగా ఉండి ఒక్క కాలు మాత్రం నిగనిగలాడుతుంటే ఆ కాలినే ముందు తడిమి చూడాలి. తర్వాత బీము చివర్లు. రివెట్లు వంకరపోయాయా, వెల్డింగు దగ్గర వెంట్రుకంత పగులైనా ఉందా, కాలి చిల్లులు లాగినట్టు సాగాయా అన్నవి చూడాలి. టియర్‌డ్రాప్ తరహా చాలా కంపెనీలు చేస్తాయి, ఒకరి బీము ఇంకొకరి చిల్లులోకి దూరుతుంది కూడా. దూరడం వేరు, బరువు మోసే పట్టు కుదరడం వేరు. ఒకే కంపెనీ ఫ్రేములూ బీములూ కలిసి దొరికే దుకాణం కోసం ఇంకో శనివారం తిరిగినా నష్టం లేదు.

గ్యారేజీ పనిబల్లకు ఒక వెసులుబాటు ఉంది. గోదాముకు పనికిరాదని పక్కన పడేసిన ఫ్రేము దీనికి పనికొస్తుంది. బల్ల ఎత్తు 3 అడుగుల చిల్లర చాలు. నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడికన్నమాట. 12 అడుగుల ఫ్రేములో కింది 2 అడుగులు సొట్టపోతే దాన్ని కోసి తూకానికి అమ్మేసినా పైన 10 అడుగుల మంచి ఇనుము మిగులుతుంది. అందులోంచి బల్లకు కావలసిన రెండు పొట్టి ఫ్రేములు దర్జాగా వస్తాయి.

కోసే చోటు మాత్రం ఆలోచించి ఎంచుకోవాలి. ఫ్రేము బలమంతా అందులోని ఏటవాలు కమ్మీల్లో ఉంది. త్రిభుజం కదలదు. నాలుగు భుజాలున్నది మూలల దగ్గర లొంగి వాలుతుంది. కోత ఏటవాలు కమ్మీని తెంపేస్తే, లేదా కోసిన ముక్కకు పైనొకటి, కిందొకటి అడ్డకమ్మీ మిగలకపోతే, ఆ ముక్క అచ్చంగా వాలే నాలుగు భుజాలే. 42 అంగుళాల లోతు బల్లకు ఎక్కువే, గోడ వైపున్న వస్తువు చేతికి అందదు. అందుకని లోతు తగ్గించి మళ్ళీ వెల్డింగు చేయించాలనిపిస్తుంది. దానికంటే మొదటే 24 లేదా 30 అంగుళాల లోతు ఫ్రేముల కోసం వెతకడం మేలు. యూరప్ తరహా ఫ్రేముల్లో కమ్మీలు బోల్టులతో ఉంటాయి కాబట్టి పొట్టి కమ్మీలు తెచ్చి మార్చుకోవచ్చు. అమెరికా ఫ్రేముల్లో ఎక్కువగా వెల్డింగే. జింకు పూత ఉన్న ఇనుమును వెల్డు చేస్తే తెల్లటి పొగ లేస్తుంది, అది పీల్చినవాళ్ళకు ఆ సాయంత్రం చలిజ్వరం లాంటిది వస్తుంది. వెల్డర్లకు అది పాత పరిచయమే. అతుకు దగ్గర పూత గీకేసి, తలుపులు బార్లా తెరిచి పనిచేయాలి.

బల్ల నిలబెట్టాక దాన్ని ముందుకూ వెనక్కూ ఊపితే కదలదు, ఏటవాలు కమ్మీలు ఆ దిక్కును కాచుకుంటాయి. పొడవునా ఊపితే కాస్త ఊగుతుంది. ఆ దిక్కున కమ్మీలు లేవు, బీము చివరి రివెట్ల పట్టే ఆధారం. చిత్రిక పట్టేవాళ్ళకూ, ఆకురాయి రుద్దేవాళ్ళకూ ఆ ఊపు చిరాకు తెప్పిస్తుంది. వెనక రెండు కాళ్ళకూ అడ్డంగా ఒక ప్లైవుడ్ పలక బిగిస్తే ఊపు ఆగిపోతుంది, పనిముట్లు తగిలించుకునే గోడ కూడా వస్తుంది. బల్లపైకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు వరుసలు వేసి, కింద అడ్డపట్టీలు పెడితే మధ్యలో కుంగదు.

నేల సంగతి ఇంకోటి. గ్యారేజీ నేలను తలుపు వైపు వాలుగా పోస్తారు, కారు మీది వాననీరూ మంచూ బయటికి పోవడానికి. ఆ వాలు అడుగుకు 3 మిల్లీమీటర్లయినా 8 అడుగుల బల్లకు రెండు చివరల తేడా రెండున్నర సెంటీమీటర్ల దాకా వస్తుంది. బల్ల మీద పెట్టిన గోళీ దొర్లిపోతుంది. మట్టం చూసి, పల్లం వైపు కాలి పలక కింద ఇనుప రేకులు పేర్చాలి. చెక్క ముక్కలు కాలక్రమాన నలిగిపోతాయి.

కాళ్ళను నేలకు బిగించడం తప్పనిసరి అని అమెరికా ర్యాకు ప్రమాణం చెబుతుంది. పై బీము ఎత్తు లోతుకు ఆరు రెట్లు దాటితే ప్రత్యేకమైన కట్టుదిట్టం కావాలనీ అంటుంది. 42 అంగుళాల లోతుకు ఆ హద్దు 21 అడుగులు, గ్యారేజీ కప్పు అంత ఎత్తుండదు. కానీ ఇళ్ళలో పిల్లలుంటారు, వాళ్ళకు నిచ్చెనలా కనిపించేది ఎక్కడానికే ఉంటుంది. కాబట్టి బోల్టులు వేయాలి.

టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల బంకమట్టి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకని అక్కడ చాలా ఇళ్ళ కాంక్రీటు పునాదిలో ఉక్కు తీగలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని జాకీలతో లాగి బిగిస్తారు. ఒక్కో తీగ మీద 10 టన్నులకు పైగా లాగుడు ఉంటుంది. డ్రిల్లు మొన వెళ్ళి ఆ తీగకు తగిలిందంటే పునాదికీ నష్టమే, పక్కనున్న మనిషికీ ప్రమాదమే. అలాంటి చాలా ఇళ్ళలో గ్యారేజీ నేల మీద కోయరాదు, తొలచరాదు అనే హెచ్చరిక ముద్ర వేసి ఉంటుంది. ఆ ముద్ర కనిపిస్తే తీగల దారి స్కానింగులో చూపించుకున్నాకే చిల్లు వేయాలి, లేదా ర్యాకును గోడలోని చెక్క స్తంభాలకు బిగించుకోవాలి.

సామాను పెట్టే అరగా వాడేటప్పుడు పెద్ద నియమాలేమీ లేవు. బరువులు కింద, తేలికవి పైన. బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు నడుము ఎత్తుకు దిగువన. ఏడాదికోసారి పండక్కి తీసే తోరణాలు, తెలుగు సంఘాల వేదిక అలంకరణలు, ఊరెళ్ళే సూట్‌కేసులు పై వరుసలో. అరకు ప్లైవుడ్ కంటే ఇనుప జాలీ మేలు. దుమ్ము నిలవదు, కింద నుంచి చూసినా పైన ఏముందో కనిపిస్తుంది, గ్యారేజీలో నీళ్ళు చిమ్మే అగ్నిమాపక పైపులుంటే నీరు కింది అరకూ చేరుతుంది. ఇంజను ఎత్తే చైను కప్పీని మాత్రం బీముకు వేలాడదీయకూడదు. ఒక్క బీము మీద వేలాడే బరువు దాన్ని మెలిపెడుతుంది, గోదాము లెక్కలో ఆ మెలికకు చోటు లేదు.

తెలుగు నేల మీదా ఈ ఇనుము కొత్తది కాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికొక చిన్న గోదాము ఉంచుకోవాల్సిన అవసరం కంపెనీలకు తగ్గింది, పెద్ద గోదాములు పెరిగాయి. హైదరాబాద్ అంచున మేడ్చల్, శంషాబాద్ వైపు నీలం కాళ్ళు, నారింజ బీములతో నిండిన షెడ్లు చాలానే కనిపిస్తాయి. ఇక్కడి కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి, అమెరికా అంగుళాల బీము వీటికి కుదరదు. మన ఇళ్ళకు గ్యారేజీలు అరుదు. కానీ విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సులు విప్పే షెడ్డుకైనా, ఊళ్ళో మోటారు రిపేరు కొట్టుకైనా, ట్రాక్టరు సామాను పెట్టుకునే రైతు కొట్టానికైనా ఇలాంటి బల్ల కావలసిందే. టన్ను కొత్త ఉక్కు తయారుచేయడానికి ప్రపంచ సగటున దాదాపు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. పాత ర్యాకును కరిగించాలన్నా కొలిమికి కరెంటు కావాలి. ఉన్నదాన్ని విప్పి బల్లగా నిలబెట్టడానికి రబ్బరు సుత్తి చాలు.

కొనేటప్పుడు అందరూ మరిచిపోయేది పిన్నులు. చిటికెన వేలంత ఉండే ఆ ముక్కలు పాత సామానులో ముందుగా పోతాయి. కింది నుంచి ఏదైనా తగిలి బీము పైకి లేస్తే పట్టి ఆపేది అవే. ఒక్కో బీము చివర దగ్గర 1000 పౌండ్ల, అంటే 450 కిలోల పైతోపుడుకు తట్టుకోవాలని అమెరికా ప్రమాణం. పిన్ను లేని చోట మేకు గుచ్చి సరిపెట్టుకోకుండా, ఆ కంపెనీదే అడిగి తీసుకోవాలి. బీముకు రెండు, అంటే రెండు అరల పనిబల్లకు ఎనిమిది. డబ్బు చేతిలో పెట్టేముందు శ్రోతలు ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకోవాలని మనవి.